బడికి దూరమైన బిడ్డలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు పుస్తకములను గూర్చి మాట్లాడుట పరిపాటి. కాని పుస్తకము చేతికి రావలెనన్న ముందు అక్షరము రావలెను. అక్షరము రావలెనన్న బడి యుండవలెను. బడి లేనిచోట బిడ్డలేమగుదురు? బడి యుండియు, అందు పలుకు నుడి తనది కానిచోట బిడ్డ యేమగును? అట్టివారికొరకు వేరు విధమైన బడులు పెట్టి చూచినవారు మన తెలుగుదేశమున లేకపోలేదు. వారు ముందు విచారించిరి, పిమ్మట బడి పెట్టిరి. ఆ విచారణల కథ యిందు కొంత చెప్పబడును.

బడులను లెక్కించిన తొలి పెద్ద విచారణలలో నొకటి మద్రాసు రాజధానిలో జరిగినది. 1822లో గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లకు తాకీదు పంపెను. మీ జిల్లాలో బడులెన్ని, చదువువారెందరు, వారే కులములవారు, ఆడపిల్లలెందరు, అయ్యవారికి ముట్టునదెంత యని పట్టీలు కోరెను. పట్టీలు చేరుటకు కొంతకాలము పట్టినది. 1826 మార్చిలో మన్రో వానినన్నిటిని కూడి చూడగా రాజధాని మొత్తమున 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును తేలిరి. అప్పటి జనసంఖ్య 1,28,50,941.

తొందరపాటు గల లెక్కరి యీ రెండంకెలను భాగించి, అరువదియెనిమిది మందికొక్కడు చదువుచున్నాడని తేల్చి పుస్తకము మూసివేయును. మన్రో అట్లు చేయలేదు. జనములో సగము స్త్రీలు. వారు బడికి పోవు ఆచారము లేదు గనుక వారిని తీసివేసెను. మిగిలిన పురుషులలో అయిదు మొదలు పదియేండ్లలోపు బాలురు తొమ్మిదవ వంతని కట్టి, బడియీడు బాలుర సంఖ్య 7,13,000 అని నిర్ణయించెను. బడికి పోవు బాలురు 1,84,110. అనగా నలుగురిలో నొక్కడికి కొంచెము పైమాట. ఇండ్లలో చదువుకొనువారిని గూడ కలుపుకొన్నచో మూడవ వంతుకు దగ్గరగా నుండునని యాయన యెంచెను. మొత్తములోనుండి బాలురను తీసివేయగా బాలికలకు మిగులునది 4,540. కోటి యిరువదియెనిమిది లక్షల జనములో నింతే!

ఈ పట్టీలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక చదువదగినది. తెలుగు వ్యాకరణమును, తెలుగు నిఘంటువును వ్రాసిన క్యాంబెల్ ఆయనయే. ఇప్పటి అనంతపురపు సీమలో చాలభాగము అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. అచట 533 బడులలో తెలుగు బడులు 226, కన్నడపు బడులు 235. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారశీకము, అరవము. ఇంగ్లీషు బడి యొక్కటే యొక్కటి. విద్యార్థులు 6,641 మంది. అందు బాలికలు అరువదిమంది.

వీధిబడి తెల్లవారుజాము ఆయన కన్నులకు కట్టినట్లు వ్రాసెను. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవానికి సున్న, వానికి మెప్పు లేదు, నింద లేదు. మూడవవానికి మెల్లగా నొక బెత్తపు దెబ్బ, నాలుగవవానికి రెండు. ఆపైన వచ్చినకొలది ఒక్కొక్కటి హెచ్చు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుచుందురు. అయ్యవారు పెద్దవారికి చెప్పును. ఈ పద్ధతి చవుకయైనదని మెచ్చి ఇంగ్లండున గూడ అనుకరించిరని క్యాంబెల్ వ్రాసినాడు. ఇసుకలో వ్రేలితో దిద్దిన మన వీధిబడినుండి సీమదేశము నేర్చుకొనినది కలదన్నమాట.

అయినను ఆయన మెచ్చుకొని యూరకుండలేదు. పిల్లలు వల్లించు కావ్యముల భాష వేరు, వారు ఇంటిలో మాటలాడు భాష వేరు. అందువలన వారు చిలుకపలుకులు పలుకుదురే కాని అర్థమెరుగరని నిష్కర్షగా చెప్పెను. ఈ మాట పద్యప్రియులకు కష్టముగా తోపవచ్చును. కాని పదియేండ్ల ప్రాయమున అమరము వల్లించి, దానియర్థము నలువదియేండ్లకు గాని తెలియనివారు ప్రతి గ్రామమునను ఉన్నారు. వారు నిజము చెప్పినచో క్యాంబెల్ మాట కాదనరు.

ఈ పాత పత్రములను వెదకి కూర్చి ధర్మపాల్ అను పరిశోధకుడు 1983లో పుస్తకముగా ప్రకటించెను. అది మొదలు మన పూర్వపు బడులను గూర్చి గర్వముతో మాట్లాడువారెక్కువైరి. ఆ గర్వమునకు హేతువు కలదు. కాని అరువదిమంది బాలికల అంకెయు ఆ పట్టీలోనిదే. ఒక అంకెను వాడుకొని రెండవదానిని దాచుట లెక్క కాదు. మరియొకటి: ఆ పట్టీలలో బ్రాహ్మణులకొక గడి, వైశ్యులకొక గడి, శూద్రులకొక గడి, ముసల్మానులకొక గడి కలవు. కొండలలో అడవులలో నుండువారికి వేరుగా గడియే లేదు.

ఆ గడిని మొట్టమొదట నింపబూనిన తెలుగువారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు అగ్రగణ్యులు. ఆయన 1863లో పుట్టి 1940లో గతించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా చుట్టుపట్ల కొండలలోని సవరల మాటలు ఆయన చెవిని బడినవి. ఆ భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. పంతులుగారు ఆ నుడి తెలిసినవారినుండి దానిని నేర్చుకొనిరి, సవరపిల్లలకై వాచకములు కూర్చిరి, పాటలును కథలును ప్రోగుచేసిరి, బడులు పెట్టించిరి. సవరభాషపై వారి పెద్దగ్రంథము 1931లో అచ్చయినది. ఈ ప్రసంగము నడచుచున్న గ్రాంథికభాషమీద దండెత్తినవారును ఆ పంతులుగారే! గ్రాంథికాభిమానులు వారిని క్షమింపలేక పోవచ్చును గాని, వారి రెండు పనులకును మూలసూత్రమొక్కటే యని ఒప్పుకొనక తప్పదు. పిల్లవాడు తల్లియొద్ద నేర్చిన మాటతో బడి మొదలు కావలెనని ఆ సూత్రము.

ఇక మన హైదరాబాదు రాష్ట్రమునకు వత్తము. ఆదిలాబాదు అడవులలో గోండులు తరతరములుగా పోడుకొట్టి, నాగలిదున్ని జీవించుచుండిరి. అడవి సర్కారుదై, హద్దురాళ్లు పాతబడి, ఎన్నో గూడెములు లేపివేయబడినవి. మంచి నల్లరేగడి భూములు పైనుండి వచ్చినవారి పేర పట్టాలైనవి. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము తిరుగబడి, నిజాము పోలీసుల తుపాకికి బలియైన వృత్తాంతము అందరెరిగినదే. ఆ తరువాతనే సర్కారుకు సందేహము పుట్టినది: నెమ్మదస్తులైన ఈ జనులు ఎందుకు లేచిరి?

ఆ సంగతి విచారించుట క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అను ఆస్ట్రియా దేశస్థుని చేతికి వచ్చినది. ఆయన 1909లో వియన్నా నగరమున జన్మించిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధము వచ్చునప్పటికి ఈ దేశమున నుండుటచే ఇంగ్లీషువారి దృష్టిలో శత్రుదేశీయుడైనాడు. రాజ్యము దాటి పోరాదనిరి, రాజ్యములోపల తిరుగవచ్చుననిరి. ఆ నిర్బంధము మన అదృష్టము. ఆయన ముందు నల్లమల చెంచులతోను, పిమ్మట గోదావరి గట్టున కొండరెడ్లతోను ఉండి, ఆపైన ఆదిలాబాదు చేరెను. మార్లవాయి అను గోండు గ్రామమున పూరియిల్లు వేసికొని భార్య బెట్టీ ఎలిజబెత్తుతో కాపురముండెను. డేరా వేసి, దుబాసీని పెట్టుకొని, నాలుగునాళ్లలో రిపోర్టు వ్రాసికొని పోవువారి పద్ధతి కాదది.

ఆయన కనుగొనినది స్థూలముగా నిది. గోండుకు భూమి పోవుటకు కారణము బలము లేకపోవుట మాత్రమే కాదు, కాగితము చదువలేకపోవుట. సర్కారు దఫ్తరు ఉర్దూ. పట్వారీ దఫ్తరు అతని చేతిలోనిది. సావుకారి చిట్టా సావుకారిది. తాను వేలిముద్ర వేసినది రశీదో, అప్పుపత్రమో, భూమి విడుదల కాగితమో గోండుకు తెలియదు. కట్టిన పన్నుకు రశీదు రాదు. రశీదు లేదు గనుక కట్టలేదందురు. గ్రామలెక్కల వృత్తిలో నుండువారికి ఈ మాట వినుట సుఖము గాదు. అయినను జరిగినదానిని దాచి ప్రయోజనము లేదు. ఊరి మొత్తమునకు కలము ఒక్కచేతిలోనే యున్నచో, ఆ చేయి యెంత మంచివానిదైనను కలము ఒక్కవైపునకే వ్రాలును.

ఇట్లు 1943లో గోండు విద్యాపథకము ఆరంభమైనది. ఇందొక చిక్కు వచ్చినది. బడి పెట్టవచ్చును; కాని చెప్పువాడెవడు? పట్టణమునుండి పంపిన పంతులుకు గోండీ రాదు; అడవి జ్వరమునకు భయపడి నెలలో సగము ఊరిలో నుండడు. పిల్లలకు ఉర్దూ రాదు, తెలుగు రాదు. చెప్పువానికి వినువాని మాట తెలియదు, వినువానికి చెప్పువాని మాట తెలియదు. ఇక బడి యెట్లు సాగును?

అందుచేత మార్లవాయిలో పనిని తలక్రిందుగా మొదలిడిరి. అచటి మొదటి విద్యార్థులు పసిపిల్లలు కారు, యువకులు. ఎక్కడనో కొంత మరాఠీ నేర్చి, నాలుగక్షరములు వ్రాయగల గోండు పడుచువాండ్రను వెదకి తెచ్చి ఉపాధ్యాయ శిక్షణ నిచ్చిరి. వారికి తెలిసిన లిపి దేవనాగరి. గనుక గోండీ వాచకములు దేవనాగరిలో కూర్పబడినవి. పాఠములలో వారెరుగని రైలుబండియు పట్టణపు వీధియు గాక, వారెరిగిన పంట, పండుగ, పురాణకథ చోటుచేసికొనినవి. గోండుల వంశగాథలను కిక్రి వాయించుచు పాడు పర్ధానులు తరతరములుగా నోటితో కాపాడినవి ఎన్నో కలవు, మన శారదకాండ్రవలె. అక్షరము లేని జాతికి సాహిత్యము లేదనుకొనుట నాగరికుల అజ్ఞానము. నన్నయకు పూర్వము తెలుగువానికి పాట లేదనునా ఎవ్వడైనను?

శిక్షణ పొందిన యువకుడు తన గూడెమునకు తిరిగి పోయి బడి తెరచును. పగలు పిల్లలకు చెప్పును. ఆ గూడెమునకు వచ్చిన సర్కారు కాగితమును చదివిపెట్టగలవాడును ఇక అతడే. ఒక్కడు చదువరియైనచో ఊరంతటికి రశీదు అడుగు ధైర్యము వచ్చును. ఆ కేంద్రమున చదివినవారిలో కొందరు తరువాత పట్వారీలుగా, ఇతర సర్కారు కొలువులలోను కుదురుకొనిరి. చదువుతో పాటు భూమియు నడచినది. 1949 నాటికి లక్ష యెకరములకు మించిన భూమికి ఆదివాసులకు పట్టాలు దొరకినవి. ఈ రెండును కలిసి జరిగినందుననే బడి నిలిచినది. ఆకలిగొన్నవానికి అక్షరము మాత్రమే పెట్టినచో తినడు.

ఈ పనికి ఆదరువైన అధికారులను మరువరాదు. అంతకుముందే బస్తరు గోండులను గూర్చి గ్రంథము వ్రాసిన గ్రిగ్సన్ అప్పుడు నిజాము సర్కారులో రెవిన్యూ వ్యవహారముల పెద్ద. సేతుమాధవరావు పగడీ అను మరాఠీ విద్వాంసుడు ఆదిలాబాదులో ఉద్యోగము చేయుచు గోండీ నేర్చి, 1949లో ఆదిలాబాదు గోండులను గూర్చి పుస్తకము ప్రకటించెను. దొరతనము చేయుచు ఏలబడువాని భాష నేర్చినవారు ఏ కాలమునను అరుదు.

ఇక చెప్పవలసినది చేదు. 1948లో నిజాము రాజ్యము పోయినది. హైమండార్ఫ్ లండను చేరి అచట ఆచార్యుడైనాడు. గోండు బడులలో గోండీ వాచకములు క్రమముగా మూలబడినవి. ఆ చోటున మన తెలుగు కూర్చుండినది. గోండీ రాని తెలుగు పంతుళ్లు గూడెములకు నియమింపబడిరి. 1970 తరువాత హైమండార్ఫ్ తిరిగి వచ్చి చూచి, భూమియు మరల జారిపోవుచుండుట కని, ఎంతయో నొచ్చుకొని 1982లో గ్రంథము వ్రాసినాడు.

ఇచట నార్సింగివారు ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. మన తాతలు ఉర్దూ బడికి పోయిరి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ. అర్థము కాక, అడుగలేక, చదువు మానిన తెలుగు బిడ్డలెందరో. ఆ బాధనుండియే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది; ఊరూర గ్రంథాలయములు పుట్టినవి; నేటి ఈ గ్రంథాలయమునకును ఆ ఉద్యమమే తల్లి. అంత బాధపడినవారము మన చేతికి అధికారము రాగానే గోండు బిడ్డకు చేసినదేమి? మనకు జరిగినదే. ఉర్దూస్థానమున తెలుగు పెట్టితిమి. గోండు పిల్లవానికి రెండును పరాయివే. సర్కారుకు తెలుగు, ఉద్యోగమునకు తెలుగు, గనుక తెలుగే మేలు చేయునందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. గోండు తల్లిదండ్రులును తమ బిడ్డకు తెలుగును ఇంగ్లీషును రావలెననియే కోరుదురు. కాని మెట్టు లేక మిద్దె యెక్కించుట వేరు, మెట్టు వేసి యెక్కించుట వేరు. 2004లో ఆంధ్రప్రదేశ్ సర్కారు గోండీ, కొలామీ, కోయ, బంజారా, సవర మొదలైన ఎనిమిది భాషలలో తొలితరగతులు చెప్పి క్రమముగా తెలుగులోనికి తెచ్చు పద్ధతిని ఆరంభించినది. మార్లవాయిలో తెలిసిన సంగతి మరల తెలియుటకు అరువదియేండ్లు పట్టినదన్నమాట.

మరి యొక విశేషము. గోండీకి లిపి లేదనియే అందరును అనుకొనుచుండిరి. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల అను గ్రామమున గోండుల సొంత లిపిలో వ్రాసిన వ్రాతప్రతులు బయటపడినవి. అవి సుమారు 1750 ప్రాంతమునాటివని అంచనా. ఆ లిపి చదువగల వృద్ధులు ఆ గ్రామమున కొద్దిమంది ఇంకను ఉండిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిశోధకులు వారియొద్ద కూర్చుండి నేర్చుకొనిరి, వాచకములు వెలువడినవి, 2018లో ఆ లిపి యంత్రములలో వాడుటకు యూనికోడునందు చేర్చబడినది. ఆ విశ్వవిద్యాలయము మనకు దూరములోనిది కాదు, గచ్చిబౌలిలోనిదే. మన యింటి ప్రక్కన జరిగిన ఈ పని మన ఊరిలో నెందరికి తెలిసినదో!

అదే విశ్వవిద్యాలయమున ఆచార్యులైన శాంతా సిన్హాగారు వేరొక దారిన నడచిరి. చరిత్రకారులు మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేరిట 1981లో స్థాపింపబడిన ఫౌండేషను 1991 మొదలు మన రంగారెడ్డి జిల్లా పల్లెలలోనే పని ఆరంభించినది. పశువులు కాయు పిల్లవాడు, అప్పుకింద జీతమున్న పిల్లవాడు, తమ్ముని చంకనెత్తుకొని యిల్లు కాచు పిల్ల. వీరందరును ఏమగుదురన్నది వారి ప్రశ్న. అంతకుముందు సర్కారు వీరికై రాత్రిబడులు పెట్టియుండెను. పగలు పని, రాత్రి రెండు గంటల చదువు. శాంతా సిన్హాగారి పక్షము దీనిని త్రోసిపుచ్చినది. పగలు చాకిరిచేసి అలసిన బిడ్డకు రాత్రిబడి చదువు నీయదు. చాకిరికి ఒప్పుదల నిచ్చును. బడిలో లేని బిడ్డ ఏ పనిలో నున్నను బాలకార్మికుడే యని వారి సిద్ధాంతము.

అయితే పండ్రెండేండ్ల పిల్లను తెచ్చి ఒకటవ తరగతిలో ఆరేండ్లవారితో కూర్చుండబెట్టిన సిగ్గుతో పారిపోవును. కావున వారు వారధిబడులు కల్పించిరి. కొన్ని నెలలు పిల్లలను ఒకచోట నుంచి, పాటతో ఆటతో మొదలిడి, వెనుకబడిన చదువును తొందరగా చెప్పి, ఈడుకు తగిన తరగతిలో మామూలు బడికి పంపుదురు. వారధి దాటుటకే గాని దానిమీద కాపురముండుటకు గాదు. వేరు బడి పెట్టు ప్రతివారును ఈ భేదము గుర్తెరుగవలెను. పేదవానికి ఎన్నటికిని వేరుగా, తక్కువగా నుండు బడి పెట్టుట దయ గాదు. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చినది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 4వ సెక్షనులో, వెనుకబడిన బిడ్డకు ఈడుకు తగిన తరగతియు, ప్రత్యేక శిక్షణయు హక్కుగా వ్రాయబడినవి.

నేడు నార్సింగిలో జొన్నచేలు లేవు. వెలుపలి వలయరహదారి వచ్చినది; కోకాపేట, పుప్పాలగూడ దిక్కున ముప్పది నలువది అంతస్తుల మేడలు లేచినవి. 2018లో ఊరు పురపాలక సంఘమైనది. ఆ మేడలు కట్టుటకు పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు, ఒడిశా బీహారులనుండియు కూలీలు వచ్చిరి. రేకుల పాకలలో వారి బిడ్డలున్నారు. వారిలో ఒడియా పలుకువారు కలరు, భోజపురి పలుకువారు కలరు. సవర పలుకువారు ఉన్నను ఆశ్చర్యము లేదు. కార్తికమాసమున వచ్చి, మేడ ముగిసిన నాడు పోవుదురు. స్వగ్రామపు బడి హాజరుపట్టీలో ఆ బిడ్డ పేరుండును, బిడ్డ యుండడు. ఇచట బిడ్డ యుండును, పట్టీలో పేరుండదు. రెండు గ్రామముల లెక్కలును విడివిడిగా సరిపోవును. బిడ్డ మాత్రము రెండింటను జారిపోవును.

చట్టమున వీరికి చాల కలదు. 5వ సెక్షను ప్రకారము బదిలీ పత్రము ఆలస్యమైనదని బడిలో చేర్చుకొనకపోరాదు. 14వ సెక్షను ప్రకారము వయస్సు రుజువు లేదని త్రోసివేయరాదు. 15వ సెక్షను ప్రకారము సంవత్సరము మధ్య వచ్చినను చేర్చుకొనవలెను. ఈ మూడు సంగతులు ఆ పాకలలోని తల్లిదండ్రులకు ఎవ్వరు చదివి వినిపింతురు? మార్లవాయిలో ఆ పని చేసినది గూడెమునకొక్క చదువరి. ఇచట గ్రంథాలయమునకు చందాదారులు ఇందరున్నారు. ఆ మూడు సెక్షన్లను తెలుగు, హిందీ, ఒడియా భాషలలో ఒక కాగితమున వ్రాయించి, ఆదివారమునాడు పని నిలిచిన వేళ ఇద్దరిద్దరు చొప్పున పోయి చదివి వినిపించుటకును, బిడ్డల పేర్లు వ్రాసికొని దగ్గరి సర్కారు బడి ప్రధానోపాధ్యాయునకు అందజేయుటకును కార్యవర్గము ఈ సభలోనే తీర్మానము చేయదగునని మనవి. ఒడియా వ్రాయగలవారు ఆ పాకలలోనే దొరకుదురు.